నేను పైకి, నువ్వు కిందికి

పెనం మీద నూనె కాగుతోంది. అత్తగారు మొదటి గుడ్డు తీసి గిన్నె అంచుకేసి కొట్టబోతుండగా కోడలు పరుగున వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కాపురానికొచ్చి రెండు నెలలైనా అత్తగారి చెయ్యి పట్టుకోవడం ఆమెకదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది కాబోలు, ఇద్దరూ కాసేపు ఆ చేతికేసే చూశారు.

“వద్దత్తయ్యా. ఇవి దొరసాని గుడ్లు కదా.”

“అయితే ఏం చెయ్యమంటావు? దండేసి గోడకి తగిలించనా?”

దొరసాని అంటే అత్తగారి నల్లపెట్ట. దానికి పాదాల దాకా ఈకలు. మేజోళ్ళు తొడుక్కున్న దొరసానిలా వంటింట్లోకి నడిచొచ్చేది. అత్తగారు కొత్తకోడలిగా ఉన్నప్పుడు తెచ్చుకున్న ఈకలకాళ్ళ కోళ్ళలో మిగిలింది అదొక్కటే. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పోగా, కొన్ని ఇచ్చేయగా, చివరికి ఇదీ వీధికుక్క నోట పడింది. పెరటి తలుపు గడియ సరిగ్గా పడక మొన్న కుక్క దూరింది. మిగిలినవల్లా గూట్లో గడ్డి మీద నాలుగు ఈకలు, అది పదిరోజులుగా పెట్టిన గుడ్లు.

అత్తగారు ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించేలా ఊరుకుంది. పెరట్లోకి వెళ్ళడం మానేసింది. పాత సామాన్లవాడు వీధిలోకొస్తే గూడు ఇచ్చెయ్యమని కొడుక్కి చెప్పింది. అన్నం కలుపుకుంటూ మధ్యలో చెయ్యి ఆపేసేది. కోడలు కళ్ళారా చూసింది అది. ఆమెకి చూస్తూ ఊరుకోవడం చేతకాదు.

“నేను పొదిగిస్తానత్తయ్యా ఇవి.”

“ఎక్కడ కూర్చుంటావు? సోఫాలోనా?”

“పెట్టెలో పెట్టి పొదిగిస్తాను. బల్బు వేడితో. పక్కింటి పుంజు రోజూ గోడ దూకి వచ్చేది కదా, పిల్లలవుతాయి.”

అత్తగారు స్టవ్ ఆపింది. “కాకపోతే?”

కోడలు పెనం కిందికి దించింది. “అవుతాయి,” అంది.

“కాకపోతే మాత్రం ఇంక ఈ కొంపలో కోడి మాట ఎత్తకు. నాకు మళ్ళీ మళ్ళీ పోగొట్టుకునే ఓపిక లేదు.” గుడ్లబుట్ట కోడలి చేతికిచ్చి, పోనీ కదా అన్నట్టు ఒక మంచి మాట కూడా చెప్పింది. “సగం శుభ్రంగా కుళాయి కింద కడిగే ఉంచాను. మిగతావి కూడా కడుక్కో.”

కోడలు గబుక్కున బుట్టలోకి చూసింది. గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని పొరొకటి ఉంటుంది. కడిగితే అది పోతుంది, పెంకుకున్న సన్నటి రంధ్రాల్లోంచి మురికి లోపలికి దిగుతుంది. డిగ్రీలో చదువుకుంది ఆమె. ఆ ముక్క ఇప్పుడు అత్తగారికి చెప్తే ఏం లాభం, పుండు మీద కారం తప్ప? “సరేనత్తయ్యా,” అని బుట్ట తీసుకెళ్ళి, కడిగినవి ఒక పక్క, కడగనివి ఒక పక్క పెట్టుకుంది. బీట వారినవి తీసేసింది. మిగిలినవాటిని సన్నమొన కిందికి, వెడల్పు మొన పైకి వచ్చేలా అట్టట్రేలో నిలబెట్టి, ఫ్రిజ్ జోలికి పోకుండా, బీరువా పక్కన చల్లటి మూల రాత్రికి కదలకుండా ఉంచింది.

పెట్టె సంగతికొస్తే, ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. అక్కడికి మందులొచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చుకుంది. బల్బు, వేడి ఎక్కువైతే దాన్ని ఆర్పి తక్కువైతే వెలిగించే మీట, పాత కంప్యూటర్ లోంచి పీకిన బుల్లి ఫ్యాను, తడి కోసం నీళ్ళగిన్నె. మూతకి కిటికీ కోయాలన్నాడు ఆమె భర్త. అద్దం ఎక్కడిదంటే, పెళ్ళికి ఎవరో బహుమతిచ్చిన ఫోటోఫ్రేముది విప్పి బిగించాడు. ఫ్రేములోని వాళ్ళిద్దరి ఫోటో అద్దం లేకుండా అల్మరాలో బోర్లా పడుకుంది. “పోనీలే, మనం పడుకుంటే అవి లేస్తాయి,” అన్నాడతను. ఆ మాటకి ఆమె రోజంతా నవ్వుకుంది. ల్యాబులో సూది గుచ్చేటప్పుడు కూడా నవ్వుతుంటే ఒకాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా తిప్పడం దగ్గర వచ్చింది.

కోడి పొదిగేటప్పుడు ముక్కుతో గుడ్లని దొర్లిస్తూనే ఉంటుంది. దొర్లించకపోతే లోపలి పిండం పెంకుకి ఒక పక్కనే అతుక్కుపోతుంది. పెట్టెలోని గుడ్లకి ముక్కు లేని కోళ్ళు వీళ్ళే. అతనిది ప్రింటింగ్ ప్రెస్సులో రెండో షిఫ్టు. మధ్యాహ్నం వెళ్తే రాత్రి ఊరు సద్దుమణిగాక వస్తాడు, పొద్దెక్కాక లేస్తాడు. ఆమె అతను లేవకముందే వెళ్తుంది, సాయంత్రం వస్తుంది. అందుకని పొద్దున వంతు అతనిది, సాయంత్రం వంతు ఆమెది అనుకున్నారు. ఎవరు తిప్పారో రెండోవాళ్ళకి తెలియడానికి గుడ్డుకి రెండు వైపులా పెన్సిల్ తో గుర్తులు పెట్టాలి. అందరూ ఒక పక్క గీతా, ఒక పక్క సున్నా పెడతారు. పెళ్ళయిన కొత్తలో ఎవరికి కావాలి గీతలూ సున్నాలూ? ఆమె ఒక పక్క ‘నేను’ అనీ, రెండో పక్క ‘నువ్వు’ అనీ రాసింది.

ఆ రాయడంలో ఆమెకో రహస్యమైన సంతోషం ఉంది. అత్తగారి ముందు అతన్ని మీరు అనాలి. తలుపేసుకున్నాకే నువ్వు. ఇప్పుడా నువ్వు పట్టపగలు ఇంటి నడిమధ్య పెట్టెలో వరుసగా పడుకుని ఉంటుంది.

ఒక్క పూటైనా దాగలేదది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని అద్దంలోంచి చూసింది.

“ఇదేంటమ్మాయ్, మొగుణ్ణి గుడ్ల మీద నువ్వంటున్నావు?”

“గుడ్డు చిన్నది కదత్తయ్యా. మీరు అని రాస్తే పట్టలేదు.”

“నువ్వు కంటే మీరే చిన్నది కదే,” అని అత్తగారు లోపలికెళ్ళిపోయింది. కోడలి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం గుడ్లు పేర్చేటప్పుడు, అతను ప్రెస్సుకి సెలవు పెట్టుకుని పక్కనే ఉన్నాడు కాబట్టి, ఆమె నియమం చెప్పింది. “చూడు, తేలిక. నేను తిప్పితే నేను పైకి. నువ్వు తిప్పితే నువ్వు పైకి.”

“నేను తిప్పితే నేను పైకి. నువ్వు తిప్పితే నువ్వు పైకి,” అని అతను బుద్ధిగా అప్పజెప్పాడు.

పొల్లుపోకుండా అప్పజెప్పాడని ఆమె అతని బుగ్గ గిల్లింది కూడా. అతను భోజనానికి లేచి వెళ్ళాక, తన వంతు కాబట్టి గుడ్లన్నిటికీ ‘నేను’ పైకి వచ్చేలా పడుకోబెట్టి మూత వేసింది.

మర్నాడు సాయంత్రం ల్యాబు నించి వచ్చి, చెప్పులైనా విప్పకుండా పెట్టె దగ్గరికి పోయి చూసింది. గుడ్లన్నీ ‘నేను’ పైకి పెట్టుకుని తను పెట్టినట్టే ఉన్నాయి.

పాపం, నిద్రలో మర్చిపోయుంటాడనుకుంది. రాత్రి ఎంతింటికొచ్చాడో. అతని వంతు తనే తిప్పింది. ‘నువ్వు’ పైకి వచ్చింది. పడుకోబోయే ముందు తన వంతు కూడా తిప్పింది. మళ్ళీ ‘నేను’ పైకి వచ్చింది. ప్రేమగా చేసిన పని కాబట్టి అలుపనిపించలేదు.

ఆ మర్నాడు సాయంత్రం కూడా ‘నేను’ పైకే ఉంది. ఆ మర్నాడూ అంతే.

నాలుగోనాటికి ప్రేమ కొంచెం పలచబడింది. అతను వచ్చి అన్నం తింటుంటే అత్తగారు పక్కనే పీట వేసుకుని కూర్చునుంది. కాబట్టి కోడలు మర్యాదగానే మొదలెట్టింది.

“మీ వంతు కూడా నేనే తిప్పుతున్నానండీ, తెలుసా?”

“తెలుసు. చూస్తూనే ఉన్నాను,” అన్నాడతను పళ్ళెంలోకి చూస్తూ.

చూస్తూనే ఉన్నాడట. ఆమెకి ఒళ్ళు మండింది. “చూస్తూ ఊరుకుంటున్నారా?”

“ఏం చెయ్యను మరి? నాకు మిగిలిస్తే కదా.”

“మిగల్చాలా? ఇదేమైనా కూరా?”

“మీ ఇద్దరూ కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఆపి ముందు తిండి తినండిరా,” అంది అత్తగారు. ఆ సామెత ఈ పూట అచ్చంగా సరిపోయిందని ఆవిడకే తోచి, నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. కుక్క దూరిన రోజు తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. మరో రోజైతే కోడలు పొంగిపోయేది. ఆ పూట అది కూడా తనని చూసి నవ్వినట్టే అనిపించింది.

అతని బాధ అతనికుంది. పొద్దున్నే నిద్రకళ్ళతో వచ్చి అద్దంలోంచి చూస్తే ‘నేను’ పైకి ఉంటుంది. అంటే తన వంతు అయిపోయింది. ల్యాబుకి వెళ్ళేముందు ఆమే తిప్పేసి వెళ్ళింది. మొదటిరోజు, ఎంత మంచిది, నిద్ర చెడగొట్టకూడదని తనే చేసేసిందనుకున్నాడు. నాలుగు రోజులు తిరిగేసరికి మంచితనం కాస్తా అపనమ్మకంలా కనిపించింది. నాలుగు గుడ్లు తిప్పడం కూడా నాకు చేతకాదనుకుంటోంది చదువుకున్న పెళ్ళాం అనుకున్నాడు. అనుకుని, పైకి అనకుండా స్నానానికి పోయాడు. కొత్త మొగుళ్ళకుండే జబ్బే అది. అడిగితే చిన్నబోతామని అడగరు.

బుధవారం అతనికి సెలవు. ఆమెకి ఆదివారం. ఆ బుధవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను ఇంట్లోనే, పెట్టెకి మూడడుగుల దూరంలో, కుర్చీలో కాళ్ళు చాపుకుని పత్రిక చదువుతున్నాడు. ఆమె అద్దంలోంచి చూసింది. ‘నేను’ పైకి ఉంది. పత్రిక వైపు చూసింది. పత్రిక పక్కకి జరిగి, అతని కళ్ళు కూడా ఆమెని చూశాయి.

“పొద్దున్నించీ ఇంట్లోనే ఉన్నావు కదా,” అంది. అత్తగారు మేడ మీద బట్టలు తీస్తోంది.

“ఉన్నాను.”

“చెయ్యి తీరలేదా?”

“నువ్వు తీరనిస్తేగా.”

ఆమె మూత తీసి, గుడ్డు గుడ్డుకీ చప్పుడు వచ్చేలా కాకపోయినా చప్పుడు చేయాలనున్నట్టు తిప్పింది. నా వంతు లాగేసుకున్నది చాలక, తన వంతుకి ఈ విసురొకటా అనుకున్నాడతను. లేచి పెరట్లోకి వెళ్ళి, ఖాళీ గూడు ముందు నిలబడి, తలుపు గడియ పడుతోందో లేదో పది సార్లు వేసి తీశాడు.

పడుకోబోయేముందు ఆమె మళ్ళీ మూత తీస్తుంటే అడిగాడు.

“మళ్ళీనా?”

“మళ్ళీనే. ఎవరో ఒకరు చెయ్యాలిగా.”

ఆ రాత్రి ఇద్దరి మధ్యా దిండు అడ్డంగా పడుకుంది.

పెట్టె మాత్రం సుఖపడనిచ్చిందా? ఒకరోజు మీట ఇరుక్కుని వేడి ఎక్కింది. ఇంకోరోజు గిన్నెలో నీళ్ళు ఆరిపోయాయి. ఇంకోరోజు కరెంటు పోయింది. ఆమె ల్యాబు నించి ఆటోలో వగర్చుకుంటూ వచ్చేసరికి పెట్టె చుట్టూ దుప్పటి కప్పి, లోపల రెండు సీసాల్లో వేన్నీళ్ళు పోసి పెట్టి ఉంది. అత్తగారు వంటింట్లో ఏమీ ఎరగనట్టు కూర తరుగుతోంది. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే అత్తగారు “మధ్యాహ్నం మూత తీసి ఓ గంట గాలాడనిచ్చాను కూడా. పాపం, ఉక్క కదూ,” అనడంతో ఆ నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి. తీసిన మూతలోంచి వెచ్చదనమూ తడీ రెండూ పోతాయని ఎన్నిసార్లు చెప్పింది. మూత మీద కాగితం కూడా అంటించింది, తియ్యరాదు అని. ఆ కాగితం ఊడిపోకుండా జాగ్రత్తగా పట్టుకుని మరీ తీశారట.

పక్కింటి టైలరమ్మ ఒకటి. ఆవిడ పుంజే కదా తండ్రి, ఆ చనువుతో గోడ మీద గడ్డం ఆనించి రోజూ అడుగుతుంది.

“ఏమ్మా, పిల్లలెప్పుడు?”

ఆమె పెట్టెలో ఎండిపోయిన నీళ్ళగిన్నె గురించి ఆలోచిస్తూ, “ఇంకో వారం,” అంది.

టైలరమ్మ మెడలో టేపు జారి అటుపక్క పడింది. “పెళ్ళయి మూడు నెలలు కాలేదు కదే.”

సంగతి అర్థమై నవ్వాల్సింది పోయి, ఆమె కస్సుమంది. “కోడిపిల్లలండీ పిన్నిగారూ. మనుషుల పిల్లలకైతే మొగుడు కూడా ఓ చెయ్యి వెయ్యాలి కదా.”

అన్నాక నాలిక్కరుచుకుంది. టైలరమ్మకి ఆ మాట వారం రోజుల కుట్టుపనికి సరిపడా దొరికింది.

చివరి మూడు రోజులూ గుడ్లని తిప్పకూడదు. పిల్ల బయటికి రావడానికి సర్దుకుని ఒక తీరుకి వస్తుంది, కదిపితే చెడుతుంది. ఆ ముందు రోజు పొద్దుటి వంతే ఆఖరి వంతు. చివరి రోజులు దగ్గరుండి చూసుకుందామని ఆమె ల్యాబుకి సెలవు పెట్టింది. సెలవు పెట్టిన సంగతి అతనికి చెప్పలేదు. ఆఖరి వంతైనా తిప్పుతాడో లేదో చూద్దామని తలుపు చాటున నిలబడింది.

అతను ఆవులిస్తూ వచ్చాడు. పెట్టె ముందు వంగి అద్దంలోంచి చూశాడు. నిట్టూర్చి, పళ్ళబ్రష్ కోసం తిరిగాడు.

“తిప్పలేదే?” అంది ఆమె చాటునించి వచ్చి.

అతను ఉలిక్కిపడ్డాడు. “ఇంట్లోనే ఉన్నావా? ఏం తిప్పాలి, తిప్పేశావుగా.”

“నేనెప్పుడు తిప్పాను?”

“రోజూ తిప్పేస్తున్నావుగా. లేచేసరికి నేను పైకే ఉంటోంది.”

“నేను పైకి ఉంటే నేను తిప్పినట్టు.”

“అదేగా చెప్పేది. నా వంతు నువ్వు తిప్పినట్టు.”

“కాదు, నా వంతు నేను తిప్పినట్టు. నేను అంటే నేను.”

“నేను అంటే నేనే కదా.”

“నువ్వు కాదు. నేను.”

“నేనే కదా.”

వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. “పొద్దున్నే ఏంట్రా అది, ఇద్దరూ నేను నేనంటే వినేవాళ్ళెవరు?”

ఆమె గుడ్ల వైపు చూసింది. తన చేత్తో, తన రాతతో, ఎంతో ముచ్చటగా రాసుకున్న ‘నేను’. ఆమె రాస్తే ఆమె. అతను చదివితే అతను. నేను తిప్పితే నేను పైకి అని ఆమె చెప్పింది, అదే మాట అతను తిరిగి చెప్పాడు. ఒకే మాట ఇద్దరూ చెప్పుకుని, ఒప్పందమైపోయిందనుకున్నారు.

“అంటే నువ్వు రోజూ నేను తిప్పేశాననుకుని…”

“నువ్వు రోజూ నేను తిప్పలేదనుకుని…”

“రాత్రి పడుకున్నప్పట్నించీ మర్నాడు సాయంత్రం దాకా ఇవి ఒక్క పక్కనే ఉన్నాయి,” అంది ఆమె. “రోజూ. మొదట్నించీ. ఒక గీత, ఒక సున్నా పెట్టుకుంటే సరిపోయేది కదా. పొద్దు, సాయంత్రం అని రాసుకున్నా సరిపోయేది.”

అతను ఓదార్చబోయి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని పక్కకి తోసింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియలేదు. అతని మీద అందామంటే అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. తన మీద అందామంటే తను ప్రేమగానే రాసుకుంది. వ్యాకరణం మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

అతను మూత తీసి ఆఖరి వంతు తిప్పాడు. తిప్పడం తెలిసొచ్చేసరికి తిప్పే పని అయిపోయింది.

కిటికీలు మూసి, గది చీకటి చేసి, ఇద్దరూ టార్చి వేసి గుడ్లు చూశారు. వెడల్పు మొన దగ్గర టార్చి ఆనిస్తే లోపల ఎర్రటి నరాలూ నల్లటి నీడా కనిపించాలి. కడిగిన గుడ్లు కొన్ని మబ్బుగా, వాసనగా ఉన్నాయి. అవి తీసేశారు. కొన్ని ఖాళీగా దీపంలా వెలిగాయి. నాలుగింటిలో మాత్రం నీడ ఉంది. ఒకదాన్లో నీడ కదిలింది. కదిలింది కాని ఉండాల్సిన చోట కాదు. తల వెడల్పు మొనకి రావాలి, గాలి అక్కడుంటుంది. ఇది సన్నమొన వైపు బరువుగా ఉన్నట్టు తోచింది ఆమెకి.

“అమ్మకి చెప్పాలా?” అన్నాడతను.

“ఏం చెప్తాం? మేము నేను ఎవరో తేల్చుకోలేకపోయామనా?”

నాలుగోనాడు ఉదయం పెట్టెలోంచి సన్నగా కిచకిచ వినిపించింది. ఆమె అద్దానికి ముక్కు ఆనించింది. ఒక గుడ్డు మీద నక్షత్రంలా బీట. సన్నమొన దగ్గరే. ఆమె భయపడ్డట్టే అయింది. గాలి లేని చోట పొడుస్తోంది పిల్ల.

మిగతా మూడూ నోరు మెదపలేదు.

అత్తగారు ఎవరూ పిలవకుండానే స్టూలు తెచ్చుకుని పెట్టె ముందు కూర్చుంది. వంటింట్లో స్టవ్ ఆపి వచ్చింది. కోడలు ఆ స్టూలుకేసి చూసింది. ఆవిడ ఆశ పెట్టుకోనంది కదా. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుని మరీ కూర్చుంది.

“వస్తోందంటావా అమ్మాయ్?”

“చూడాలత్తయ్యా. ముట్టుకోకూడదు. దానంతటదే రావాలి.”

చూశారు. పొద్దెక్కింది. బీట అలాగే ఉంది. కిచకిచ మాత్రం మధ్యమధ్యన వినిపించి ఆగుతోంది. పిల్ల అలసిపోతోంది. ముట్టుకుంటే లోపలి పొరలోని నరాలు తెగి రక్తం పోతుంది. ముట్టుకోకపోతే పొర ఎండి పిల్లని పట్టేస్తుంది. చెయ్యాలో మానాలో తెలియని అలాంటి పొద్దు ఆమె పరీక్షహాల్లో కూడా చూడలేదు. మూత తీయరాదని కాగితం అంటించిన చెయ్యే మూత మీదికి పోతోంది, వెనక్కొస్తోంది.

“తీసెయ్,” అన్నాడతను. “నేను పట్టుకుంటాను.”

“రక్తం వస్తే?”

“వస్తే ఆపుదువుగాని. ఊరికే చూస్తే మాత్రం అది పోతుంది.”

“నీకేం తెలుసు?”

“నాకేమీ తెలియదు. వింటున్నాను. ఇందాకటికంటే మెల్లగా అరుస్తోంది.”

ఆమె కూడా విన్నది. నిజమే.

ల్యాబు సంచిలోంచి పట్టుకారు తీసింది. అతను గోరువెచ్చటి నీళ్ళల్లో ముంచి పిండిన గుడ్డలో గుడ్డుని అరచేతుల మధ్య పట్టుకున్నాడు. ఆమె దూదితో తడుపుతూ, గోరంత పెంకు తీసింది. ఆగింది. ఇంకో గోరంత. తెల్లపొర మీద ఎర్రటి చుక్క కనిపించింది. దూది అదిమి, గుడ్డ కప్పి, అలాగే కూర్చున్నారు. అతని ఫోను మోగుతూనే ఉంది, ప్రెస్సు నించి. ఎవరూ తీయలేదు. అత్తగారు తీసి, “మా వాడు రాడు బాబూ ఇవాళ, ఇంట్లో కాన్పు,” అని చెప్పి పెట్టేసింది.

“అమ్మా,” అన్నాడతను నెత్తిన చెయ్యి పెట్టుకోబోయి, చేతుల్లో గుడ్డు ఉందని గుర్తొచ్చి ఆగాడు.

ఎర్రచుక్క ఆరింది. మళ్ళీ తడిపి, మళ్ళీ గోరంత. ఆమెకి మెడ పట్టేసింది. అతనికి చేతులు తిమ్మిరెక్కాయి. ఒకరినొకరు కసురుకున్నారు కూడా, ఇటు వంచు, కాదు అటు, ఎటో సరిగ్గా చెప్పు అని. వెలుగు కిటికీ దాటి పోయే వేళకి పెంకు టోపీలా ఊడింది. తడిసిన నల్లటి ముద్ద ఒకటి అతని అరచేతిలోకి జారింది. మెడ నిలపలేకపోయింది. ఒక కాలు చాపింది. ఆ కాలి మీద వేళ్ళ దాకా తడి ఈకలు అంటుకుని ఉన్నాయి.

దాన్ని పెట్టెలో వెచ్చగా పెట్టారు. అది పడింది, లేచింది, మళ్ళీ పడింది.

మర్నాటికి మిగతా మూడు గుడ్లూ చప్పుడు చేయకపోతే ఆమే పగలగొట్టి చూసింది. మూడింటిలోనూ పూర్తిగా తయారైన పిల్లలు, పెంకుకి ఒక పక్క అంటుకుని ఉన్నాయి. ఏ పక్కో చూడకుండానే ఆమెకి తెలుసు. అయినా తిప్పి చూసింది. పెన్సిల్ రాత చెదరకుండా ఉంది. పెరట్లో అతను గుంట తవ్వాడు. ఆమె పాతిపెట్టి చేతులు కడుక్కుంటూ, సబ్బు అరిగిపోయేదాకా కడుక్కుంటూ నిలబడింది. నాలుగు రావాల్సినచోట ఒకటి. ఆ ఒకటీ పీకి తెచ్చింది. ఇది గెలుపని ఎవరైనా అంటే కరిచేసేట్టుంది.

లోపలికొచ్చేసరికి ఇల్లంతా ఒకటే అరుపు. ఆరి, పొంగి, నల్లటి దూదిపింజలా అయిన పిల్ల, అట్టపెట్టెలో బల్బు కింద నిలబడి గొంతు చించుకుంటోంది. గింజ వేస్తే ముక్కుతో తోసేస్తోంది. నీళ్ళ పళ్ళెంలో కాలు పెట్టి మరీ అరుస్తోంది. చెయ్యి దగ్గర పెడితే ఆగుతుంది, తీస్తే అరుస్తుంది. అత్తగారు ఒక చెయ్యి అట్టపెట్టెలో పెట్టి, రెండో చేత్తో అన్నం తినడానికి అవస్థ పడుతోంది.

“పొద్దున్నించీ ఇదే వరస,” అంది. “చెయ్యి తీయనివ్వదు. ఒంటిపిల్ల కదా, తోడు లేక బెంగ. ఇలాగే అరిచి అరిచి తిండి మానేసి పోతుంది ఇది.”

“ఇప్పుడేం చేద్దామత్తయ్యా?” అంది కోడలు నీరసంగా. ఇంతా చేసి ఇదొకటా అనిపించింది ఆమెకి. పిల్లని అరచేతిలోకి తీసుకుంది. అది వెంటనే ఊరుకుని, కళ్ళు మూసి, అరచేతినిండా రెట్ట వేసింది.

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. అతను షిఫ్టుకి చొక్కా వేసుకుంటున్నాడు.

“ఒరేయ్, వెళ్ళేది తర్వాత వెళ్దువుగాని. ముందు కోళ్ళషాపుకి పోయి ఈ వయసువే రెండు పిల్లల్ని తీసుకురా.”

“గూడు ఇచ్చెయ్యమన్నావు కదమ్మా?”

“తెమ్మన్నది తే. వాగకు.”

కోడలు రెట్ట చేతిని పైకెత్తి పట్టుకుని నిలబడిపోయింది. అతను చెప్పులు వేసుకుని గుమ్మం దిగాడు. గేటు దాకా వెళ్ళాక అత్తగారు అన్నం చేత్తోనే కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

“నల్లవి మాత్రం తేకు. మూడూ కలిసిపోతే మనదేదో తెలియదు.”